టేపు అవతలి కొస

పోయిన వారం మన వాల్యుయరమ్మను సంఘం హాలు మెట్ల మీద నిలబెట్టి వదిలేశాం. చేతిలో కొత్త పెన్ను, భుజాన పాత సంచి, గుండెల్లో దడ. ఇళ్లకూ స్థలాలకూ విలువ కట్టడం ఆమె వృత్తి. అత్తగారు నడుం కింద చచ్చుబడి మంచం పట్టిన నాటి నుంచి ఆ వృత్తి అటకెక్కింది. వీధిలో వాళ్ల నోట ‘వాల్యుయరమ్మ’ అన్న పిలుపు మాత్రం మిగిలింది.

మళ్లీ పనిలోకి రావాలని ఆమె గట్టిగా అనుకుంది. అనుకుంటే అయిపోతుందా? లైసెన్సు నిలవాలంటే క్లాసులకు వెళ్లి ఇన్ని గంటలని చూపించాలి. ఈ మధ్యలో చట్టాలు మారాయి, పద్ధతులు మారాయి, ఆమె వాడిన కంప్యూటరు ఇప్పుడు ఎవరింట్లోనూ లేదు. అందుకే కూర్చుని ఒక పథకం వేసుకుంది. ఈ ఏడు లైసెన్సు నిలబెట్టుకోవాలి. వచ్చే ఏడు పాత ఇళ్ల మీద ప్రత్యేకంగా శిక్షణ తీసుకోవాలి. ఆ తర్వాత కొత్తవాళ్లకు తనే నేర్పాలి. దీనికంతటికీ మొదటి మెట్టు సంఘంవారి శిక్షణ కమిటీలో చోటు. ఆమె పేరు ప్రతిపాదించింది ఎవరో కాదు, ఆమెకు పని నేర్పిన టేపు మాస్టారే. సంగతి ఈ సాయంత్రం మీటింగులో తేలిపోతుంది.

ఇంకొక్క సంగతి గుర్తుచేయాలి. కిందటి నెల మొదటి విడత క్లాసుల కోసం ఆమె వారం పాటు ఇల్లు వదిలి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి ఇల్లంతా కొత్త రంగులు! “నువ్వక్కడ చదువుకుంటుంటే నేనిక్కడ ఊరికే కూర్చోవాలా?” అన్నాడు ప్రెస్సు నడిపే భర్త. ఆ మాటకు ఆమె కరిగి నీరైపోయింది. పాఠకులు ఆ రంగుల సంగతి కాస్త గుర్తుంచుకోవాలి.

హాల్లో అప్పటికే సగం కుర్చీలు నిండాయి. బ్యాంకుల తరఫున ఇళ్లు చూసే ఒకాయన వెనక వరసలో గోడకు తల ఆనించి కునుక్కి సిద్ధమవుతున్నాడు. తోటలకూ పొలాలకూ విలువ కట్టే మరొకాయన, అందరూ ‘తోటమాలి’ అని ఏడిపించేవాడు, ఆమెకు పక్క కుర్చీ చూపించాడు.

“రండి రండి. కమిటీలోకి వెళ్తున్నారట. వెళ్లాక మా గంటలు కొంచెం తగ్గించి పుణ్యం కట్టుకోండి,” అన్నాడు.

“పెంచుదామని వెళ్తున్నానండీ,” అంది ఆమె నవ్వుతూ. ఆ నవ్వుతో దడ కొంచెం తగ్గింది.

టేపు మాస్టారు లోపలికి వచ్చారు. తెల్లటి జుట్టు, నడుముకు ఎప్పటిలాగే ఇనుప టేపు. గోడకు ఎర్రచుక్క వేసి దూరం చెప్పే మిషన్లు వచ్చి ఎంతకాలమైనా ఆయన టేపు వదల్లేదు. మిషను తప్పు చెబితే ఎవరిని తిట్టాలో తెలియదంటారు.

“గంటల కోసం వచ్చినవాళ్లు చేతులెత్తండి,” అన్నారు మైకు పట్టుకుని. ఎవరూ ఎత్తలేదు. “అబద్ధాలు! పోనీలెండి. గంటలు రాయించుకుని ఇంటికి పోయేవాడు పెళ్లిలో భోంచేసి పోయేవాడు. వడ్డించేవాడూ కావాలి కదా! క్లాసుకు రండి, కమిటీకి రండి, కొత్తవాడు ఒకడొచ్చి దిక్కులు చూస్తుంటే వాడి చెయ్యి పట్టుకోండి. మన పనిలో నిలబడ్డం అంటే అదే.”

ఆ మాట అంటూ ఆమె వైపు చూశారు. ఆమె సిగ్గుపడి పెన్ను మూత తీసి మళ్లీ పెట్టింది.

ఆనాటి పాఠం ఒక ఇల్లు. మన సభ్యుడొకడు ఈ మధ్యే విలువ కట్టిన ఇల్లట. పేర్లూ చిరునామా తీసేసి మాస్టారికి ఇచ్చాడట. ఫోటోలు ఒక్కొక్కటే తెర మీద వేస్తారు. ఇల్లు ఎలాంటిదో, ఎవరుంటున్నారో, ఏం దాచారో చూసినవాళ్లు చెప్పాలి. ఇది మాస్టారికి ఇష్టమైన ఆట. ఒకప్పుడు ఈ ఆటలో ఆమెను మించినవాళ్లు లేరు.

మొదటి ఫోటోలో పైకప్పు మూల. రెండో ఫోటోలో ఒక గది, సామానంతా దుప్పట్లు కప్పి ఉంది, కింద రంగు డబ్బాలు. మూడోది గోడ.

“ఏం కనబడుతోంది?” అన్నారు మాస్టారు.

“గోడ,” అన్నాడు తోటమాలి. అందరూ నవ్వారు.

ఆమె కుర్చీలో ముందుకు జరిగింది. ఎంతకాలమైందో ఇలా చూసి! “మాస్టారూ, కింద అంతా ఒక మోస్తరు రంగు. కిటికీ పైన మాత్రం రెండు పూతలు పడ్డాయి. అక్కడ బీట ఉంది. పుట్టీ పెట్టి మూసేశారు. వానాకాలంలో ఆ మూల తడిసి ఉంటుంది, ఆ వాసన కూడా వస్తూ ఉండాలి.”

“భేష్. ఇంట్లో వాళ్లకు తెలుసంటావా?”

“రంగు వేయించినవాళ్లకు తెలుసు. ఆ ఇంట్లో ఆడమనిషి ఉంటే మాత్రం కళ్లు మూసుకుని తిరుగుతోంది పాపం!”

హాలు ఘొల్లుమంది. వెనక కునుకుతున్న బ్యాంకు మనిషి కూడా లేచి నవ్వాడు. ఆమెకు ఒళ్లంతా వెచ్చగా అయింది. తను తిరిగి వచ్చేసింది. ఇన్నేళ్లూ మందుల వేళలూ పక్క గుడ్డలూ తప్ప మరేమీ పట్టని బుర్రలో ఈ విద్య ఎక్కడో చెక్కుచెదరకుండా ఉంది. ఆ సంతోషంలో ఆమె తర్వాతి ఫోటోను సరిగ్గా చూడనేలేదు.

అది ఇంటి నక్షా. గదులు గీతలుగా ఉన్నాయి. మాస్టారు వంటింటి పక్క గది మీద కర్ర పెట్టారు.

“ఇంట్లో తలుపులన్నీ ఒక కొలత. ఈ ఒక్క గది తలుపు చాలా వెడల్పు. ఎందుకు?”

“బీరువా పట్టలేదేమో,” అన్నారొకరు.

“పియానో ఉందేమో,” అన్నాడు తోటమాలి.

“చక్రాల కుర్చీ కోసం,” అంది ఆమె ఠక్కున. “ఇంట్లో ఎవరో మంచంలో ఉన్నారు. ముందు గడప తీయించి ఉంటారు. తర్వాత తలుపు వెడల్పు చేయించారు. వడ్రంగి తొందరలో నేల మీద రంపం గాటు కూడా పెట్టి…”

అక్కడ ఆగిపోయింది. రంపం గాటు సంగతి నక్షాలో లేదు.

ఆ గాటు ఆమె రోజూ తుడుస్తుంది. అందులో దుమ్ము చేరితే పిన్నీసుతో తీస్తుంది. ఆ వడ్రంగితో గాటు గురించి గొడవపడి, కూలి ఇచ్చేటప్పుడు కూడా మొహం ముడుచుకున్నది తనే. ఆమె తెర మీది గీతల వెంట మెల్లగా చూపు నడిపించింది. ముందు గది. మెట్ల కింద సామాన్ల చోటు. వంటిల్లు. వెడల్పు తలుపు గది. వెనక పెరటి గుమ్మం.

తన ఇల్లు!

పైనుంచి ఎప్పుడూ చూడలేదు కాబట్టి గుర్తు పట్టలేదు. తను క్లాసులకు వెళ్లిన వారం రంగుల కోసం దుప్పట్లు కప్పిన సామాను తన సామాను. కిటికీ పైన బీట తన పడకగది బీట. ఊరి ఇళ్లకు వంకలు పెట్టే మనిషి తన ఇంట్లో గోడ వంక తలెత్తి చూడలేదు. కళ్లు మూసుకుని తిరుగుతున్న ఆడమనిషి అంటూ హాలంతా నవ్వించింది తనే.

“చక్రాల కుర్చీ. సరిగ్గా చెప్పింది,” అంటున్నారు మాస్టారు. ఆయనకేం తెలుసు? ఆయన ఏనాడూ వాళ్లింటికి రాలేదు. “ఇప్పుడు అసలు ప్రశ్న. ఒకే ఇల్లు అప్పు కోసం ఒకలా చూస్తాం, అమ్మకం కోసం ఒకలా చూస్తాం. ఈ ఇంటికి విలువ దేనికి కట్టారు?”

“అప్పుకే,” అన్నాడు బ్యాంకు మనిషి.

“అమ్మకానికి. రంగులేశారు కదా,” అన్నాడు తోటమాలి.

“రెండూ కాదు,” అన్నారు మాస్టారు. “విడాకులు. మొగుడూ పెళ్లాం విడిపోతే ఇంట్లో ఎవరి వాటా ఎంత అని తేల్చడానికి. ఇలాంటి పనిలో జాగ్రత్త మరీ ఎక్కువ కావాలి. ఎందుకంటే సాధారణంగా ఇద్దరిలో ఒకరికి సంగతే తెలియదు. సరే, టీ తాగి రండి.”

కుర్చీలు కదిలాయి. అందరూ బయటికి నడిచారు. తోటమాలి, “మీకు టీ తెమ్మంటారా?” అని అడిగాడు. ఆమె తల అవునని ఊపిందో కాదని ఊపిందో ఆయనకు అర్థం కాలేదు, వెళ్లిపోయాడు.

ఆమెకు గుర్తొచ్చినవన్నీ చిన్న చిన్న సంగతులు. పొద్దున్న భర్త ఫ్లాస్కులో కాఫీ పోసి మూత బిగించి ఇచ్చాడు. “కమిటీ మెంబరుగారూ, దిగ్విజయోస్తు,” అన్నాడు. గేటు దాకా వచ్చి చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి ఊపిన మనిషేనా? విడిపోవాలని లోపల అనుకుంటూ పైకి అంత మామూలుగా కాఫీ పోయగలరా ఎవరైనా? లేచి తెర దగ్గరికి నడిచింది.

“మాస్టారూ. అది మా ఇల్లు.”

ఆయన నవ్వబోయారు. ఆమె మొహం చూసి ఆ నవ్వు సగంలో చచ్చిపోయింది. చేతిలో కర్ర జారి బల్ల కింద పడింది. ఇద్దరిలో ఎవరూ దాన్ని తీయలేదు.

“నీ… అయ్యో. అమ్మా, నాకు తెలియదు. ఒట్టు. పేర్లు తీసేసి ఇచ్చాడు వాడు.”

“పేర్లు తీస్తే సరిపోతుందా మాస్టారూ? ఇల్లు ఇల్లుగానే ఉంది కదా!” ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. “విలువ కట్టించినవాళ్ల అనుమతి లేకుండా ఒకరి ఇంటి ఫోటోలు క్లాసులో వేయొచ్చా? ఆ నియమం నాకు చెప్పింది మీరే.”

“వేయకూడదు.” పెద్దాయన కుర్చీలో కూలబడ్డారు. “వాడు అడిగే ఉంటాడనుకున్నాను. నేను అడగలేదు. తప్పు నాదే. నా మీద ఫిర్యాదు చెయ్యి, కమిటీలో నిలబడి ఒప్పుకుంటాను.”

“ఫిర్యాదు మాట తర్వాత. ఆ విలువ ఎవరు కట్టించారు?”

“నాకు తెలియదమ్మా. నిజంగా తెలియదు.” ఆయన జేబులోంచి ఫోను తీశారు. “వాడు నా శిష్యుడే. నేనడిగితే కాదనడు. ఒక్క ఫోను చేస్తే చెప్తాడు. చెయ్యమంటావా?”

చెయ్యమనాలని ఆమె ప్రాణం కొట్టుకుంది. పని ఇచ్చిన మనిషి పేరు మూడో మనిషికి చెప్పకూడదు. ఈ వృత్తికి అదే ప్రాణం. అది తప్పినవాళ్ల లైసెన్సులు పోయాయి. ఆ పాఠమే రేపు తను కొత్తవాళ్లకు చెప్పాలని కలలు కంటోంది. ఇప్పుడు చెయ్యమంటే మాస్టారు తప్పుతారు, ఆ శిష్యుడు తప్పుతాడు, సాయంత్రం తను వెళ్లి కమిటీలో కూర్చోవాలి. చెయ్యొద్దంటే మొగుడు తనను వదిలించుకుంటున్నాడో లేదో తెలియకుండా అతని పక్కన కూర్చుని అన్నం తినాలి.

“వద్దు మాస్టారూ,” అంది చివరికి. “రేపు కొత్తగా వచ్చే పిల్లలకు ఏ మొహం పెట్టుకుని చెప్పను?”

ఆయన కళ్లు తుడుచుకున్నారు. “ఈ దిక్కుమాలిన ఫోటోలు ముందు తీసేస్తాను,” అంటూ లాప్‌టాప్ మీదికి వంగారు. కంప్యూటర్లతో ఆయనకు ఎప్పుడూ పడదు. మూసేయబోయి ఏదో నొక్కారు. తెర మీద తర్వాతి ఫోటో వచ్చి పడింది.

ఇంటి వెనక గోడ. గోడ పొడవునా పచ్చటి టేపు బిగించి ఉంది. అవతలి కొసను గోడ మూల దగ్గర ఒక చెయ్యి పట్టుకుని ఉంది. మనిషి మూల చాటున ఉండిపోయింది, చెయ్యి ఒక్కటే కనిపిస్తోంది.

“ఇది టేపు పాఠం కోసం పెట్టుకున్నాను,” అన్నారు మాస్టారు, మాట్లాడకుండా ఉండలేక. “వెధవ, ఎన్నిసార్లు చెప్పాను! టేపు అవతలి కొస ఇంటివాళ్ల చేతికి ఇవ్వకూడదని. ఇల్లు పెద్దదిగా రావాలని లాగేస్తారు, చిన్నదిగా రావాలంటే వదులు చేస్తారు. ఒంటరిగా వెళ్లి ఉంటాడు, తోడు లేక ఇచ్చేసి ఉంటాడు…”

ఆమెకు ఆ మాటలు వినబడటం లేదు. ఆ చేతి చిటికెన వేలు బయటికి వంగి ఉంది. ఎప్పుడో తలుపు సందులో నలిగి, విరిగి, వంకరగానే అతుక్కున్న వేలు. గోళ్లన్నీ కురచగా కత్తిరించి ఉన్నాయి, బొటనవేలి గోరు ఒక్కటి పొడుగ్గా ఉంది. ‘అదొక్కటీ ఉంచవే అమ్మాయ్, నారింజ తొక్క ఒలుచుకోవాలి’ అంటుంది ఆ చేతి మనిషి. ఆ గోళ్లు వారం వారం ఒళ్లో చెయ్యి పెట్టుకుని కత్తిరించేది తనే. ప్రపంచంలో ఏ చేతినైనా పొరబడొచ్చు, ఆ చేతిని పొరబడదు.

అది అత్తగారి చెయ్యి.

“మాస్టారూ, కొంచెం పెద్దది చేస్తారా?” అంది.

చెయ్యి వంటింటి కిటికీ కింది అంచు కంటే పైన ఉంది. ఆ అంచు తనకు ఛాతీ దాకా వస్తుంది. కుర్చీలో కూర్చున్నవాళ్లు చెయ్యి పైకెత్తితే తప్ప అంత ఎత్తుకు పోదు, ఈ చెయ్యి అడ్డంగా చాచి ఉంది. అయినా కుర్చీ అక్కడికి ఎలా వస్తుంది? పెరట్లోకి దిగాలంటే మెట్లున్నాయి, దిగాక కంకర. చక్రం కదలదు. ఎన్ని కొలతలు వేసినా లెక్క ఒకేలా తేలింది. ఆ చెయ్యి నిలబడ్డ మనిషి చెయ్యి. మెట్లు దిగి, కంకర మీద నడిచి, గోడ మూలకు వెళ్లి నిలబడ్డ మనిషి చెయ్యి.

మరి తను పక్క మార్చింది ఎవరికి? ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టింది ఎవరిని? తన లైసెన్సు, తన క్లాసులు, తన ఇన్నేళ్ల వయసు ఏ కాళ్ల కోసం ధారపోసింది? భర్త మీద వచ్చిన కోపానికి కనీసం ఒక పేరుంది. దీనికి ఏం పేరు పెట్టాలో ఆమెకు తోచలేదు.

సంచి భుజాన వేసుకుంది. మాస్టారు నడుము నుంచి విప్పి బల్ల మీద పెట్టిన టేపు చేతిలోకి తీసుకుంది.

“ఇది ఒక్క పూట అరువివ్వండి.”

“ఎక్కడికమ్మా? సాయంత్రం మీటింగు…”

“వస్తాను. ఇంట్లో ఒక కొలత సరిచూసుకుని వస్తాను.”

ఇల్లు చేరేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. భర్త ప్రెస్సులో ఉన్నాడు. పగలు చూసుకునే ఆయా, “ఇంత తొందరగా వచ్చేశారేంటమ్మా?” అంటూ లేచింది. ఆమెను ఇంటికి పంపేసి, వెడల్పు తలుపు దగ్గర నిలబడింది. కాలి కింద రంపం గాటు తగిలింది. పైన కొత్త రంగు మిలమిలలాడుతోంది.

అత్తగారు ఎప్పటిలాగే గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. నడుం దాకా దుప్పటి. మంచం పక్క బల్ల మీద గుండ్రంగా ఒలిచిన నారింజ తొక్క.

“వచ్చావా అమ్మాయ్? ఇటు తిప్పవే కాస్త. నడుం పట్టేసింది,” అన్నారు.

ఎన్ని వందలసార్లు విన్న మాటో. చేతులు వాటంతటవే ముందుకు పోబోయాయి. ఆమె వాటిని వెనక్కి లాక్కుంది. సంచిలోంచి టేపు తీసి కొక్కెం పట్టుకుని సర్రున బయటికి లాగింది. ఆ చప్పుడుకు దుప్పటి కింద నడుం బిగిసింది. చచ్చుబడిన నడుం!

“అత్తయ్యా, ఈ గోడ కొలవాలి. ఒక్కదాన్నే ఉన్నాను.” మాట తడబడకుండా చెప్పాలని పళ్లు బిగబట్టింది, అయినా తడబడింది. “అవతలి కొస కాస్త పట్టుకుంటారా? మీకు అలవాటేగా!”

వీధిలో ఎవరిదో స్కూటరు వెళ్లిన చప్పుడైంది. అది దూరమయ్యేదాకా ఆగి, ముసలావిడ ఎవరూ తిప్పకుండానే ఇటు తిరిగింది. దుప్పటి తీసి పక్కన పెట్టింది. రెండు పాదాలూ నేల మీద ఆనాయి. మంచం కోడు పట్టుకోలేదు, గోడ పట్టుకోలేదు. లేచి నిలబడింది.

కోడలి చేతిలో టేపు సర్రున వెనక్కి చుట్టుకుపోయింది. తన అత్తగారు తన కంటే పొడగరి అన్న సంగతి ఆమె ఇన్నేళ్లలో మరిచేపోయింది.

“అరవకు,” అంది అత్తగారు. “తలుపు గడియ పెట్టి రా. ఇంటికి విలువ కట్టించింది మీ ఆయన అనుకుంటున్నావు కదూ? వాడికసలు సంగతే తెలియదు. కట్టించింది నేను. రేపు నువ్వు వాడి నుంచి విడిపోతే నీ వాటా ఎంతో నీకంటే ముందు నాకు తెలియాలి కదటే.”